మా మామ ఇంట్లో లెసోతో

మా మామ దినాల నాడు నేను కడుపునిండా తిన్నాను. మేడ్చల్‌లో ఆయన ఇంటి ముందు గల్లీకి అడ్డంగా టెంటు వేసి బగారన్నం, మటన్ కూర, పచ్చిపులుసు పెట్టారు. వడ్డించేవాళ్లు నా వరుస దాటిపోతుంటే వెనక్కి పిలిచి మరీ పెట్టించుకున్నాను. పక్కన కూర్చున్న దూరపు చుట్టం ఒకామె నన్ను చూసి, "పెంచిన మేనమామ గదా, దుఃఖమంత లోపట్నే పెట్టుకుంది పాపం" అని ఇంకొకామె చెవిలో అంది. నాకు దుఃఖమేమీ లేదు. మటన్ బాగా ఉడికింది, అంతే. ఎదురుగా కుర్చీలో, దండేసిన ఫొటోలోంచి మామ కళ్లజోడు పెట్టుకుని నావైపే చూస్తున్నాడు. చూడనీ అనుకున్నాను. ఆ ఇంట్లో ఒక్క ప్రశ్న కూడా వినకుండా నేను అన్నం ముద్ద నోట్లో పెట్టుకోవడం అదే మొదటిసారి. ఆ రుచి ఎలా ఉంటుందో తెలుసుకోవాలని చాలా ఏళ్లుగా ఉండేది. అందుకని నిదానంగా, ఎముకలు కూడా వదలకుండా తిన్నాను.

మామ అంటే మా అమ్మకు సొంత అన్న. పేరు నర్సింహులు. మేడ్చల్‌లో ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెప్పేవాడు కాబట్టి ఊరందరికీ సారు. మా నాయిన శామీర్‌పేట దగ్గర ఒక ద్రాక్షతోటలో పనివాళ్ల మీద మేస్త్రీగా ఉండేవాడు. ఒకరోజు సైకిలు మీద వస్తుంటే లారీ గుద్ది పోయాడు. అప్పటికి నేను చిన్న బళ్లో చదువుతున్నాను. చెల్లె పద్మ ఇంకా పలక కూడా పట్టలేదు. తోటవాళ్లు ఇచ్చిన గది ఖాళీ చెయ్యమన్నారు. అమ్మ నెత్తిన బట్టల మూట, ఒక చేతిలో పద్మ, ఇంకో చేతిలో నేను, అట్లా అన్న ఇంటికి వచ్చి పడింది. మామ గుమ్మంలో నిలబడి మమ్మల్ని కిందినుంచి మీదికి చూసి, "రా యాదమ్మా. ఇగ నేనేడికి పోత, రా" అన్నాడు. అందులో రమ్మనడం ఎంతుందో, దెప్పడం ఎంతుందో ఆ వయసులో నాకు తెలియలేదు. తర్వాత బాగానే తెలిసింది.

ఆయన పోవాల్సిన చోటు ఇథియోపియా. ఆ రోజుల్లో మన దగ్గరి సార్లు చాలామంది ఇథియోపియా, నైజీరియా, జాంబియా దేశాల బళ్లలో పాఠాలు చెప్పడానికి పోయేవాళ్లు. తిరిగొచ్చేటప్పుడు పెద్ద టేపురికార్డర్లు, మెరిసే దుప్పట్లు తెచ్చేవాళ్లు, మాటకు ముందు "మా అడిస్ అబాబాల అయితేనా" అనేవాళ్లు. మామకు కూడా ఆ నౌకరీ కుదిరిందట. అన్నీ తయారయ్యాక మా నాయిన పోయాడట. మొగుడు పోయిన చెల్లెల్ని, ఇద్దరు ఆడపిల్లల్ని ఎవరి మీద వదిలి విమానం ఎక్కుతాడు? ఆగిపోయాడు. ఇది మా ఇంట్లో అందరికీ నోటికి వచ్చిన కథ. పెళ్లిళ్లకు, చావులకు, ఊరికే వచ్చిన చుట్టాలకు మామ అదే చెప్పేవాడు. "నేను గీ మేడ్చల్ల బెంచీల మీద సుద్దముక్క అరగదీసెటోన్ని కాదు. ఎందుకున్ననో మా యాదమ్మనడుగుర్రి." అడగడానికి ఎవరికి ధైర్యం? అందరూ మా అమ్మ వైపు చూసేవాళ్లు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయేది.

పోలేకపోయిన ఆఫ్రికాను మామ ఇంట్లోకి తెచ్చుకున్నాడు. ముందుగది గోడ మీద, దేవుడి పటాల పక్కన, నిలువెత్తు ఆఫ్రికా మ్యాపు. సికింద్రాబాద్‌లో కొని, రైల్లో ఎవరి మోచేయీ తగలకుండా నిలబడి తెచ్చాడట. మా ఇంట్లో దేవుళ్ల మీద దుమ్ముండేది కానీ దాని మీద ఉండేది కాదు. దాన్ని తుడిచే పని మా అత్తది. తడిబట్ట వాడొద్దు, మడతల దగ్గర రుద్దొద్దు అని మామ వెనకే నిలబడి చూసేవాడు. మ్యాపు చూపించడానికి పాత సైకిలు చువ్వ ఒకటి పెట్టుకున్నాడు. దాని కొనను రాయి మీద అరగదీసి, కొంచెం వంచాడు. బడి నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, ఒక పట్టు నశ్యం పీల్చి, ఆ చువ్వ చేతిలోకి తీసుకుంటే పొద్దుగూకినట్టు మాకు తెలిసేది. ఇప్పటికీ ఎక్కడైనా నశ్యం వాసన తగిలితే నా నాలుక దానంతటదే నదుల పేర్లు అనుకుంటుంది.

ఆ వేళకే అమ్మ శామీర్‌పేట తోట నుంచి తిరిగొచ్చేది. నాయిన పోయాక కూడా అదే తోటలో కూలికి పోయేది, తోట ట్రాక్టరు పొద్దున ఎక్కించుకుని సాయంత్రం దింపిపోయేది. చేతులు మోచేతుల దాకా నీలంగా ఉండేవి. ద్రాక్షతీగలకు తెగులు రాకుండా మైలుతుత్తం, సున్నం కలిపిన మందు కొడతారు, ఆ నీలం ఎంత తోమినా పోదు. ఆ చేతులతోనే బర్రె పాలు పిండి, వాకిలి ఊడ్చి, పొయ్యి దగ్గర కూర్చునేది. అత్త కూర చూసేది, అమ్మ అన్నం వార్చేది. గంజి వాసన, మైలుతుత్తం వాసన, బర్రె వాసన, నశ్యం వాసన కలిస్తే మా ఇంటి సాయంత్రం. ముందుగదిలో మ్యాపు కింద కంచాలు వరుసగా పరిచి ఉండేవి. అన్నం వడ్డించాక కూడా ఎవరూ ముట్టుకోకూడదు. ముందు ప్రశ్న.

రోజుకు ఒకటే ప్రశ్న, నాకో, పద్మకో. జవాబు సరైతే అందరం తినేవాళ్లం. తప్పితే కూడా మేమిద్దరం తినేవాళ్లం. అమ్మ మాత్రం తినకూడదు. "మీరు పిల్లలు, మిమ్ముల ఉపాసం పండవెడితే నాకు పాపం తగుల్తది" అని మామే మాకు వివరంగా చెప్పాడు. "మీ అమ్మ పెద్దమనిషి. ఆమె తట్టుకుంటది." అమ్మ వాటా అన్నం ఒక సత్తు గిన్నెలో విడిగా ఉండేది. తప్పు జవాబు వచ్చిన రోజు ఆ గిన్నెను అమ్మే వెనక వాకిట్లోకి తీసుకుపోయి, బర్రె కుడితి గోలెంలో వంచి, గిన్నె తోమి బోర్లించి రావాలి. అంతసేపు మేం తింటూ ఉండాలి, కంచంలో ఒక్క మెతుకు మిగలకూడదు. మిగిలితే మామకు కోపం వచ్చేది. అన్నం పారేస్తే లక్ష్మి పోతుందనేవాడు.

నేను చెప్పేదాన్ని. నాకు జ్ఞాపకం గట్టిది, భయం ఇంకా గట్టిది. కర్కట రేఖ, భూమధ్య రేఖ, మకర రేఖ మూడూ పోయే ఖండం ఆఫ్రికా ఒక్కటే. భూమధ్య రేఖను రెండుసార్లు దాటే నది కాంగో. అంత ఎండలో కూడా నెత్తిన మంచు ఉండే కొండ కిలిమంజారో. ఒక నదికి అటొడ్డు, ఇటొడ్డు మాత్రమే దేశమైతే అది గాంబియా. నీలి నైలు పుట్టే సరస్సు టానా, అది ఇథియోపియాలో ఉంది. ఆ పేరు వచ్చినప్పుడల్లా మామ గొంతు సన్నబడేది. చువ్వ కొనతో ఆ సరస్సు చుట్టూ మెల్లగా గీస్తూ మా అమ్మ వైపు చూసేవాడు. నేను జవాబు చెప్పిన రోజు అమ్మ గిన్నె ముందు పెట్టుకుని గబగబా తినేది, మామ మనసు మారుతుందేమో అన్నట్టు. చదువంటే ఇదే అని నేను చాలా కాలం అనుకున్నాను. అంటే, తప్పు చెప్తే ఇంకెవరో పస్తుంటారు.

పద్మకు ఏదీ నిలిచేది కాదు. అది తెలివి తక్కువదని మామ తేల్చేశాడు. నిజానికి దానికి పేర్లు గుర్తుండేవి కావు, అనుమానాలు మాత్రం బోలెడు వచ్చేవి. నైలు నది ఎటు పారుతుంది అని ఒకనాడు అడిగితే అది గోడ మీద మ్యాపును కిందినుంచి మీదికి చూసి, "కిందికి" అంది. ఉత్తరానికి, అంటే మ్యాపులో మీదికి అని నేను దానికి ముందే చెప్పి ఉన్నాను. కానీ పద్మ రోజూ బిందె మోసే పిల్ల, నీళ్లు మీదికి పోతాయంటే నమ్మలేదు. మామ పడీపడీ నవ్వాడు. "అరే, మేడ్చల్ల నీళ్లు కిందికి పోతయి గాని, నైలుకు గా ముచ్చట ఎవలు జెప్పాలె?" అన్నాడు. అత్త కూడా నవ్వింది. అమ్మ గిన్నె తీసుకుని వెనక్కి నడిచింది. గోలెంలో అన్నం పడిన చప్పుడు ఎంత మెత్తగా ఉంటుందో నాకు తెలుసు, మీకు అక్కర్లేదు.

మేం ముగ్గురం వెనక, బర్రె కొట్టాన్ని ఆనుకుని ఉన్న గదిలో పడుకునేవాళ్లం. బయటికి పోవాలంటే వంటింట్లోంచి, ముందుగదిలోంచి, మామ మంచం పక్కనుంచి పోవాలి. ఆ గదికి మామ లెసోతో అని పేరు పెట్టాడు. లెసోతో చుట్టూ నాలుగు దిక్కులా దక్షిణాఫ్రికానే. ఎటు కాలు బయటపెట్టినా ఇంకొకడి దేశంలోనే పెట్టాలి. "లెసోతో వాళ్లకు ఇంక నిద్రొస్తలేదా?" అని ముందుగదిలోంచి అరిచేవాడు. "లెసోతో పిల్లలకు జడలేసుకునే తీరికుంది గని కట్టెలు దెచ్చే తీరిక లేదు." చుట్టాల ముందు కూడా అదే పేరు. వాళ్లకు అర్థం కాకపోతే మ్యాపు దగ్గరికి తీసుకుపోయి చువ్వతో చూపించి మరీ నవ్వించేవాడు. మామ మమ్మల్ని ఒక్క దెబ్బ కూడా కొట్టలేదు. మేడ్చల్‌లో ఇప్పటికీ ఎవరినడిగినా అదే చెప్తారు, నర్సింహులు సారు మేనకోడండ్లను పువ్వుల లెక్క చూసుకున్నడని.

ఒకసారి అమ్మను నిలదీశాను. వరసగా కొన్ని పూటలు అమ్మ గిన్నె గోలెం పాలైన వారం అది. "ఎందుకూరుకుంటున్నవమ్మా? నువ్వు పని జేస్తలేవా? కూలి దెస్తలేవా?" అన్నాను. అమ్మ చాప మీద పడుకుని పద్మ తల నిమురుతోంది. "మీ మామ నా కోసం దేశమే ఇడిసిండు బిడ్డా. నేను ఒక పూట కూడు ఇడిస్తే ఏమైతది?" అంది. ఆ మాట బాధగా చెప్పలేదు. కొంచెం గొప్పగానే చెప్పింది. మా నాయిన అమ్మ కోసం ఏదీ వదులుకున్నవాడు కాదు, కల్లు మానమంటే కూడా మానలేదు. లోకంలో ఒక మనిషి తన కోసం ఒక పెద్ద సంగతి వదులుకున్నాడని అమ్మకు నమ్మకం. ఆ నమ్మకంతోనే కడుపు మాడ్చుకుంది.

అప్పుడు జైర్ దేశం పేరు మారింది. నేను పదో తరగతికి దగ్గర పడుతున్నాను, పద్మ కొంచెం ఎదిగింది. ఎండలు మండిపోతున్నాయి. తోటలో తీగలు కత్తిరించే పని నడుస్తోంది, అమ్మ పొద్దంతా ఎండలో నిలబడి వచ్చి గుమ్మంలోనే కూలబడేది. ఆ సాయంత్రం మామ చువ్వను మ్యాపు నడిమధ్యన ఆనించి పద్మను అడిగాడు, ఆఫ్రికాలో విస్తీర్ణంలో మొదటిది సూడాన్, రెండోది అల్జీరియా, మూడోది ఏది? పద్మ ఎప్పుడూ లేనిది తలెత్తి, "కాంగో" అంది.

"కాంగో నది పిల్లా. నేనడిగింది దేశం."

"దేశమే మామా. జైర్ పేరు మార్చిండ్రు. పక్కింటి మేరీ ఆంటీ వాళ్ల టీవీల వార్తలల్ల చెప్పిండ్రు. నేను విన్న."

మామ నా వైపు చూశాడు. నేను నేల చూశాను. నాకు తెలిసింది జైర్ మాత్రమే. మామ చువ్వతో మ్యాపు మీద టకటకా కొట్టాడు. "గిక్కడ ఏం రాసుంది? సదువు. జ, ఐ, ర్. టీవీలు జూసి నాకు సోషల్ జెప్తవా?" అమ్మ లేచి గిన్నె అందుకుంది. పద్మ ఆ రోజు తినకుండా మొండికేసింది. మామ దాని కంచం ముందు కూర్చుని, ప్రేమగా, ఒక్కో ముద్దా కలిపి దాని నోట్లో పెట్టాడు. మింగేదాకా నోటి దగ్గర చెయ్యి తియ్యలేదు. అది ఏడుస్తూ మింగింది.

మర్నాడు పేపర్లో వచ్చింది. మామ బజారులో చదివే ఉంటాడు. పద్మ పొద్దంతా గేటు దగ్గరే నిలబడి, మేరీ ఆంటీ వాళ్లింట్లో అడిగి తెచ్చిన పేపరు ముక్కను మడతపెట్టి పట్టుకుంది. దాని మొహంలో అంత వెలుగు నేను అంతకుముందు చూడలేదు. మామ వచ్చి, కాళ్లు కడుక్కుని, నశ్యం పీల్చి, జేబులోంచి ఎర్రపెన్ను తీసి, మ్యాపు మీద జైర్ అనే మాటను నీటుగా కొట్టేసి పైన కాంగో అని రాశాడు. పద్మ చప్పట్లు కొట్టినంత పని చేసింది. "చూసినవా మామా, నేను జెప్పిన గదా! మరి నిన్న అమ్మ..." అంది.

"నిన్న మ్యాపుల ఏముండె? జైర్. నిన్నటి జవాబు నిన్నటిదే" అన్నాడు మామ. అన్నాక నవ్వాడు. "సరే, నువ్వు మస్తు తెలివైనదానివైనవ్ గదా. ఇయ్యాల ప్రశ్న గుడ నీకే. ఆఫ్రికాల మూడో పెద్ద దేశం?"

"కాంగో!"

"పూరా పేరు?"

ఆ పక్కనే ఇంకో కాంగో ఉందని, రెండింటికీ పొడుగు పొడుగు పేర్లున్నాయని మామకు తెలుసు, పద్మకు తెలియదు. పేపరు ముక్కలో ఉందేమో, మడత విప్పబోయింది. మామ చువ్వతో దాని చెయ్యి మీద మెల్లగా తట్టి ఆపాడు. "చూసి జెప్పుడు కాదు." తర్వాత అమ్మ వైపు తిరిగి, "రాలేదు యాదమ్మా" అన్నాడు, కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు.

అమ్మ గిన్నె తీసుకుని వెనక్కి పోయింది. మేం కంచాల మీదికి వంగాం. గోలెంలో పడాల్సిన చప్పుడు పడలేదు. కొంచెంసేపు చూసి మామ లేచాడు, వెనక మేమూ లేచాం. అమ్మ కుడితి గోలెం అంచు మీద కూర్చుని, ఎడమచేత్తో బర్రె మూతిని పక్కకు నెడుతూ, గిన్నెలోంచి అన్నం తింటోంది. కూర లేదు. ఉప్పు కూడా లేదు. నీలం చేతితో పెద్ద పెద్ద ముద్దలు.

"యాదమ్మా, జవాబు రాలేదంటున్న" అన్నాడు మామ.

"ఆకలైతాంది అన్నా" అంది అమ్మ. తినడం ఆపలేదు.

"నీ కోసం నేను దేశం ఇడిసిపెట్టిన."

"అవునన్నా. నా కోసం ఇడిసినవ్. ఆకలైతాంది." గిన్నె అడుగు గీకి, వేళ్లు నాకి, గిన్నె తోమి బోర్లించింది. నేను చూసినంతలో మా అమ్మ ఎవరికైనా ఎదురు తిరిగింది ఆ ఒక్కసారే. అది కూడా తిట్టకుండా, అరవకుండా, అన్న చేసింది గొప్పేనని ఒప్పుకుంటూ.

మామ లోపలికి పోయి తన కంచం ఖాళీ చేశాడు. తెల్లారాక, స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, ప్రశాంతంగా చెప్పాడు. "ఇయ్యాల్టి సంది నీ కూడు నువ్వే చూస్కో. పెద్దదాన్ని ఉంచిపో, దాని బుర్ర పనికొస్తది, చదివిస్త. చిన్నది నీకే సరిపోతది." పద్మ వింటుండగానే అన్నాడు. అమ్మ నన్ను అడుగుతుందని నేను చూశాను. అడగలేదు. నా తల మీద చెయ్యి పెట్టి, "మంచిగ చదువుకో బిడ్డా" అని, వచ్చినప్పటి మూటే మళ్లీ నెత్తిన పెట్టుకుంది. మేరీ ఆంటీ చెల్లెలి ఇల్లు కౌకూర్‌లో ఉంది, దాని వెనక గది ఒకటి ఇస్తామన్నారు. వాళ్లిద్దరూ బస్సెక్కి పోయారు. నాకేమనిపించిందో చెప్పమంటే సిగ్గు లేకుండా చెప్తాను. పద్మను తీసుకుపోయి నన్ను వదిలేసినందుకు అమ్మ మీద మంట పుట్టింది. జవాబులన్నీ చెప్పి అమ్మకు అన్నం పెట్టింది నేను. వెంట పోయింది అది.

తర్వాత కూడా మామ రోజూ ప్రశ్న అడిగాడు. కానీ సత్తు గిన్నె లేదు, దాన్ని గోలెంలో వంచేవాళ్లు లేరు. నేను ఎంత టకటకా చెప్పినా ఆయన మొహంలో మునుపటి రుచి లేదు. కొన్నాళ్లకు చువ్వ తలుపు వెనక పడింది, మ్యాపు మీద దుమ్ము పట్టింది, కంచం ముందు నోటి ప్రశ్న మాత్రం ఆగలేదు. నేను చదివాను, టీచరునయ్యాను, సోషలే. ఇప్పుడు సుచిత్ర చౌరస్తా దగ్గర ఫ్లాటులో ఉంటున్నాను. ఆఫ్రికా పాఠం వచ్చినప్పుడు పిల్లలు ఫోనులో వేలు పెట్టి గిర్రున తిప్పి చూపిస్తారు. సూడాన్ రెండు ముక్కలైంది, అల్జీరియా మొదటిదైంది, కాంగో రెండోదైంది. మామ మా అమ్మ కడుపు మాడ్చి నేర్పిన జవాబు ఇప్పుడు తప్పు. మా తోటలున్న చోట కంచెలు, ప్లాట్లు, ఇంజనీరింగ్ కాలేజీ బస్సులు. శామీర్‌పేట ద్రాక్ష అంటే మా పిల్లలకు తెలియదు. పిల్లలు తప్పు చెప్తే నేను ఏమీ అనను, సరైన జవాబు బోర్డు మీద రాసి ఊరుకుంటాను. మా బళ్లో అందరూ నన్ను మంచి టీచరంటారు. నాకు మాత్రం తప్పు జవాబు వినగానే ఇప్పటికీ గోలెంలో అన్నం పడిన చప్పుడు వినిపిస్తుంది.

దినాల భోజనాలయ్యాక చెయ్యి కడుక్కుని అత్త దగ్గర కూర్చున్నాను. అత్త ముసలిదైపోయింది, గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని ఉంది. ఏదో ఒకటి మాట్లాడాలని, "పాపం, మామకు ఆఖరిదాక ఇథియోపియా పోలేదన్న రంది ఉండేదేమో అత్తా" అన్నాను. అత్త నా వైపు వింతగా చూసి, నోరు మూసుకుని నవ్వింది.

"ఏడి ఇథియోపియానే? గా దేశం పోవాల్నంటే ఏందో జ్వరానికి సూది ఏసుకోవాల్నట. పట్నం పోయినం, నేను గుడ పోయిన. నా ముందట ఒకాయన సూది ఏసుకొని కండ్లు తిరిగి పడ్డడు. మీ మామ గది జూసిండు. లైన్ల నుంచి సప్పుడు గాకుంట బయటికి నడిసిండు. నేను టిఫిన్ డబ్బా పట్టుకుని ఎనక ఉరికిన. అంతే. మళ్ల ఆ దిక్కే పోలే."

"ఎప్పుడు? నాయిన పోయినంకనా?"

"పోకముందే. ముందటేడు. ఎవలన్న అడిగితే కాగితాలు వస్తలేవని చెప్పుకుంట తిరిగిండు. మీ నాయిన పోయిండు, మీరొచ్చిండ్రు, ఇగ ఆయనకు జవాబు దొరికింది."

"ప్రతి పూట అన్నం వడ్డించినవ్ గదా అత్తా. అమ్మ గోలెంల పోస్తుంటె చూసినవ్ గదా. అప్పుడెందుకు చెప్పలే?" అన్నాను. అత్త కాళ్ల మీద చీర సర్దుకుంది. "చెప్తే నా కంచం గుడ గోలెంలనే పోతుండె" అంది. తర్వాత, వక్కపొడి ఉందా అని అడిగింది.

మర్నాడే కౌకూర్ పోయాను. ఆగలేదు, ఆగాలని కూడా అనిపించలేదు. అమ్మ పద్మ ఇంట్లోనే ఉంటుంది, మోకాళ్ల నొప్పులతో దినాలకు రాలేకపోయింది. మంచం మీద కూర్చుని పల్లికాయ ఒలుస్తోంది. చేతుల నీలం ఎప్పుడో పోయింది, ఇప్పుడు గోళ్లు మాత్రం పసుపు. "మంచిగ జేసిండ్రా? చుట్టాలందరొచ్చిండ్రా?" అని అడిగింది. చెప్పాను. కళ్లు తుడుచుకుంది. "ఎంత జేసినా మా అన్నే గదా బిడ్డా. కోపగొండి. గని నా కోసం దేశం పోయే నౌకరీ ఇడిసిపెట్టిండు. నా కోసం ఇంకెవలేం ఇడిసిండ్రు?"

అప్పుడు చెప్పాను. సూది సంగతి, లైను సంగతి, నాయిన పోకముందే అన్న సంగతి, ఒక్కటీ వదలకుండా, తప్పు లేకుండా, అడిగిన దానికి పూరా జవాబు చెప్పినట్టు చెప్పాను. అమ్మ తరఫున గెలుస్తున్నానని అనుకున్నాను. చెప్తున్నంతసేపు నా గొంతులో సంతోషం ఉంది, అబద్ధమెందుకు. అమ్మ చేతిలో పల్లికాయ అలాగే ఉండిపోయింది.

"ఎవలు జెప్పిండ్రు?"

"అత్త. ఆమె కండ్లార చూసింది."

అమ్మ ఒలిచిన గింజల్ని చేటలో ఒక పక్కకు జరిపింది. మళ్లీ ఇంకో పక్కకు జరిపింది. "గీ ముచ్చట నాకెందుకు జెప్పినవే?" అంది.

"నిజం గదమ్మా. ఆయన మనతోని లేని బాకీ కట్టించుకున్నడు. నువ్వు ఏండ్లకేండ్లు ఉపాసమున్నవ్."

"ఉన్న. మా అన్న నా కోసం ఆగిండు, నేను గీమాత్రం పడాలె అనుకొని ఉన్న." అమ్మ తలెత్తింది. అంత ముసలి మొహంలో ఆ కళ్లు చిన్నపిల్ల కళ్లలా ఉన్నాయి. "ఇప్పుడు నువ్వే జెప్పు. పెద్ద సదువు సదివినవ్ గదా. నేనెందుకున్ననే ఉపాసం?"

ఊరికే అన్న మాట కాదది. నిజంగానే అడిగింది. నా మొహం చూస్తూ, నేను చెప్తానని కూర్చుంది. పద్మ వంటింట్లోంచి వచ్చి అమ్మ ఒళ్లోంచి చేట తీసి పక్కన పెట్టింది, గుమ్మం దగ్గర ఉన్న నా చెప్పులు కాలితో నా వైపు తిప్పింది. "పో అక్కా" అంది. "అమ్మ అన్నం తినాలె, పో."